పంపిన ప్రతి మాటా పత్రమే

చిరంజీవి మనవరాలికి నరసరావుపేట నుంచి తాతయ్య ఆశీస్సులు.

వాణిజ్యశాస్త్రం చదువు ముగించి, మిరప వ్యాపారం చేసే ఇంటి లెక్కల పుస్తకాలను తొలిసారి చేతిలోకి తీసుకునేవారికి కళాశాల నేర్పిన జమాఖర్చుల విద్య సగానికే సరిపోతుంది. మిగతా సగం, పల్నాటి ఊళ్లలో జనం దేన్ని మాటగా తీసుకుంటారో, దేన్ని పత్రంగా తీసుకుంటారో తెలిసినప్పుడే పూర్తవుతుంది. నోటితో అన్నది మాట. దాన్ని వెనక్కి తీసుకోవచ్చు, సర్దిచెప్పుకోవచ్చు, పెద్దమనుషులు కూర్చుని మరిపించనూ వచ్చు. కాగితం మీద పెట్టి కింద సంతకం చేసింది పత్రం. రాసిన మనిషి పోయాక కూడా అది చెల్లుతుంది. మాట దగ్గర తొందర, పత్రం దగ్గర జాగ్రత్త ఈ ప్రాంతపు పాత అలవాటు. ఫోను చేతికి వచ్చాక ఈ రెంటి మధ్య ఉన్న గీత చెరిగిపోయింది. జనం మాట్లాడుతున్నామనే ధీమాతో పొద్దస్తమానం పత్రాలు రాస్తున్నారు, అప్పు నోటు మీద వేలిముద్ర వేసేటప్పుడు ఉండే వెనుకాముందు ఆలోచన సందేశం పంపేటప్పుడు ఉండడం లేదు. ఇంట్లోనూ, వ్యాపారంలోనూ, ఊళ్లోనూ ఇప్పుడు పుడుతున్న తగాదాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

పత్రం అంటే ఏమిటో గ్రహించడానికి ప్రామిసరీ నోటును దగ్గరగా చూడడం మేలు. ఎరువుల కోసమో, బోరు కోసమో, ఆడపిల్ల పెళ్లి కోసమో బ్యాంకు దాకా వెళ్లకుండా చేసే అప్పు సాధారణంగా ఈ నోటు మీదే నడుస్తుంది. అడిగిన వెంటనే ఇంత సొమ్ము, ఇంత వడ్డీతో చెల్లిస్తానని ఒకరు మరొకరికి షరతు లేకుండా రాసి ఇచ్చే వాగ్దానమే ప్రామిసరీ నోటు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం దీనికి ఆధారం. చిన్న అచ్చు కాగితం మీద తేదీ, ఇచ్చినవారి పేరు, తీసుకున్నవారి పేరు తండ్రి పేరుతో సహా, సొమ్ము అంకెల్లోనూ అక్షరాల్లోనూ, వడ్డీ నెలకు నూటికి ఎంతో రాసి, రెవెన్యూ స్టాంపు అంటించి, కొంత స్టాంపు మీదా కొంత కాగితం మీదా పడేలా సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. పక్కన సాక్షుల సంతకాలు, అడుగున దస్తూరి, అంటే ఆ పత్రం ఎవరి చేతిరాతతో ఉందో తెలిపే సంతకం ఉంటాయి. ఈ తతంగమంతా కోర్టు కోసమే అనుకోవడం పొరపాటు. నోటు తేవడానికి, సాక్షిని పిలవడానికి, రాసేవారు తీరిక చేసుకోవడానికి పట్టే ఆ గంటో రెండు గంటలో అప్పు తీసుకునేవారికి ఆలోచించుకునే వ్యవధి అవుతుంది. సాక్షిగా వచ్చిన పెదనాన్నో, పక్కింటి బాబాయో ఇంత వడ్డీ ఎట్లా కడతావురా అని ఒక్క ప్రశ్న వేసినందువల్ల ఆగిపోయిన అప్పులూ ఉన్నాయి.

ఈ నోటుకు మూడేళ్ల ఆయుష్షు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ఆ గడువు దాటితే దావా నిలవదు. గడువు లోపల బాకీదారు కొంత సొమ్ము కట్టి, కట్టిన సంగతిని తన చేత్తో రాసినా, ఇతరులు రాసిన దాని కింద సంతకం చేసినా, ఆ తేదీ నుంచి మరో మూడేళ్ల గడువు లభిస్తుంది. నోటు వెనుక ఇలా రాయడాన్నే చెల్లు వేయడం అంటారు. చెల్లు వేయలేని రైతు చేత మూడేళ్లు నిండేలోగా నోటు తిరగరాయించుకోవడం రెండో పద్ధతి. అంటే అసలునూ అప్పటిదాకా పెరిగిన వడ్డీనీ కలిపి, ఆ మొత్తాన్ని కొత్త నోటులో అసలుగా చూపడం. రెండు రూపాయల వడ్డీ అని ఊళ్లో తేలికగా అంటారు గాని, అది నెలకు నూటికి రెండు, ఏడాదికి ఇరవై నాలుగు. లక్ష రూపాయలకు మూడేళ్లలో వడ్డీ 72,000. తిరగరాసిన నోటు 1,72,000. దాని మీద మళ్లీ మూడేళ్లకు 1,23,840 చేరితే ఆరేళ్లు నిండేసరికి బాకీ 2,95,840 అవుతుంది. తిరగరాయకుండా ఉంటే అదే అప్పు ఆరేళ్లకు 2,44,000 దగ్గర నిలిచేది. తేడాగా కనిపించే 51,840 రూపాయలు ఏ పంటకూ పెట్టుబడి కాలేదు, ఏ ఇంటికీ ఉపయోగపడలేదు, వడ్డీ అసలుగా మారినందుకే పుట్టాయి. పెట్టుబడికి అప్పిచ్చి, పంటను తమ చేతి మీదుగానే అమ్మించే వ్యాపారం చేసేవారు ఈ లెక్కను రైతుకు అర్థమయ్యేలా నోటు రాసే రోజునే చెప్పాలి, మూడేళ్లు పోయాక కాదు. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు మిరప పూతలో చేరి కాయ కట్టనివ్వకుండా చేసినప్పుడు, ఎకరాకు లక్షల్లో పెట్టిన పెట్టుబడి చేనులోనే పోయిన రైతుల చేత పాత నోట్లు తిరగరాయించడం ఎంత మాత్రమూ న్యాయం కాదు.

అంతమాత్రాన రాత అంటేనే పేదవారికి కీడు అని తేల్చకూడదు. రాత లేకపోవడం అంతకంటే పెద్ద కీడు చేస్తుందని చెప్పడానికి పల్నాటి కౌలు రైతే నిదర్శనం. నాగార్జునసాగర్ కుడి కాలువకు 1967లో నీరు వదిలాక, జొన్న పండిన మెట్ట చేలు వరికి, పత్తికి, మిరపకు మళ్లాయి. భూమి విలువ పెరిగి, ఉద్యోగాలకూ వ్యాపారాలకూ ఊరు విడిచిన ఆసాములు పొలాన్ని కౌలుకు ఇవ్వడం మామూలైంది. ఆ కౌలు చాలావరకు నోటిమాట. ముందుగా ఇంత సొమ్ము కట్టి చేనులో దిగిన వ్యక్తి పేరు ఏ కాగితం మీదా ఉండదు గనుక, పంట రుణం, పంట బీమా, నష్టపరిహారం భూమి పట్టా ఎవరి పేరున ఉందో వారి వైపే చూస్తాయి. ఈ లోటు తీర్చడానికి 2011లో ఒక చట్టం రుణ అర్హత కార్డులను తెచ్చింది. దాని స్థానంలో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పందాన్ని గుర్తించి, సాగుదారుకు హక్కు పత్రం ఇవ్వమంది. అయితే ఆ పత్రానికి భూయజమాని సంతకం కావలసి వచ్చింది. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందన్న భయంతో యజమానులు వెనుకాడారు, పెట్టుబడీ కష్టమూ కౌలుదారువి అయినా కాగితం మాత్రం ఆయన చేతికి అందలేదు. ఎవరి మధ్య లావాదేవీ జరిగినా, బలం ఉన్న పక్షానికి మాట చాలు, బలం లేని పక్షానికే పత్రం కావాలి. వ్యాపారం నేర్చుకునేవారు ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకుంటే, అవతలి మనిషి అడగకముందే రశీదు రాసిచ్చే అలవాటు దానంతట అదే వస్తుంది.

మాట మీద నిలిచిన ఒప్పందం చెడితే అది ఎంత దూరం పోతుందో పల్నాటికి తెలిసినంతగా మరో సీమకు తెలియదు. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధానికి కారణంగా వీరగాథలు చెప్పేది కోడిపందెం ఒక్కటే కాదు. ఓడినవారు ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లాలని, గడువు తీరాక వారి రాజ్యం వారికి ఇవ్వాలని జరిగిన ఒప్పందం, ఆ గడువు తీరాక రాయబారిగా వెళ్లిన అలరాజు విషప్రయోగానికి బలికావడం ఆ కథకు అసలు కీలకం. మాచర్ల, గురజాల పక్షాల మధ్య మిగిలిన దారి కారెంపూడి రణరంగమే అయింది. ఏటా కార్తీక అమావాస్యకు కారెంపూడిలో మొదలయ్యే వీరుల ఉత్సవపు అయిదు రోజుల్లో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అనే ఘట్టాలు ఉంటాయి. రెండో రోజు మొత్తాన్ని రాయబారానికి కేటాయించిన పెద్దల దృష్టిలో, ఒకరి మాటను మరొకరికి చేరవేయడం యుద్ధమంత బరువైన పని అని తోస్తుంది. ఈనాడు ఒకరి మాటను మరొకరికి చేరవేసే పని క్షణక్షణం ప్రతి ఇంట్లో జరుగుతోంది.

2016లో జరిగిన మూడు మార్పులు ఈ ప్రాంతపు రోజువారీ జీవితాన్ని తిప్పివేశాయి: ఏప్రిల్‌లో యూపీఐ మొదలైంది, సెప్టెంబరులో జియో రాకతో ఇంటర్నెట్ చౌక అయింది, నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. యూపీఐ అంటే ఒక బ్యాంకు ఖాతా నుంచి మరో ఖాతాకు ఫోను ద్వారా వెంటనే సొమ్ము పంపే జాతీయ చెల్లింపు ఏర్పాటు. టీ కొట్టు నుంచి పురుగుమందుల దుకాణం దాకా దీని క్యూఆర్ కోడు అట్ట కనిపించడం వల్ల కలిగిన మేలు చిన్నది కాదు. ఇచ్చాను, పుచ్చుకోలేదు అనే తగవు తేదీ, సమయంతో సహా తేలిపోతుంది. సందేశాల సంగతి కూడా అంతే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం, నిర్ణీత ధ్రువపత్రం జతచేస్తే ఫోనులోని సందేశం, ఫొటో, గొంతు రికార్డింగు కోర్టులో పత్రంగా చెల్లుతాయి. ఇద్దరు వ్యక్తుల మధ్య ఫోనులో పంపుకొన్న అప్పు మాట ప్రామిసరీ నోటు కాలేదు, ఎందుకంటే సమాచార సాంకేతిక చట్టం వ్యక్తుల మధ్య నడిచే ఆ నోటుకు ఎలక్ట్రానిక్ రూపాన్ని గుర్తించలేదు. అయినా అప్పు జరిగిందనడానికి అది సాక్ష్యం కాగలదు. చాలామంది ఈ రెండో సగం మరిచిపోయి, కాగితం లేదు గనుక బాధ్యత లేదనుకుంటారు.

వ్యాపారంలో దీని ప్రభావం మిరప సరుకు దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. కల్లంలో ఎండుతున్న కాయను ఫొటో తీసి పంపితే, ఆసియాలోనే పెద్దదిగా పేరుపడ్డ గుంటూరు మిరప యార్డు వ్యాపారి క్వింటాకు ఇంత అని గొంతు సందేశం పంపుతాడు. ఫొటోలో రంగు ఫోనును బట్టి మారుతుంది, తేమ అసలే కనపడదు. సరిగ్గా ఎండిన కాయను చెవి దగ్గర ఊపితే గింజ గలగలమంటుంది, తుంచితే పుటుక్కున విరుగుతుంది. తేమ ఉన్న కాయ మెత్తగా వంగుతుంది, గింజ చప్పుడు చేయదు. తాలు, అంటే రంగు పోయి తెల్లబడిన కాయ, బస్తాలో ఎంత ఉందో గుప్పెడు తీసి పరిచి చూడాల్సిందే. సరుకు చూడకుండా చెప్పిన ధర, చూశాక తగ్గించాల్సి వస్తే, తగ్గించడానికి కారణం ఉన్నా సరే, రైతు ఫోనులో మొదటి ధర భద్రంగా ఉంటుంది, వ్యాపారి మాట తప్పాడన్న ముద్ర ఊరంతా పాకుతుంది. అందువల్ల ధర చెప్పే సందేశంలోనే తేమ, తాలు చూశాక ఖాయం చేస్తామనే వాక్యం ఉండాలి. సరుకు తూచిన రోజునే కాటా బరువు, ధర, హమాలీ, కమీషను వేర్వేరుగా చూపిన లెక్కచీటీ రైతు చేతికి ఇచ్చి, దాని ఫొటో ఆయన ఫోనుకూ పంపాలి. శీతల గిడ్డంగిలో సరుకు పెట్టినప్పుడు ఇచ్చే బాండు రైతు పేరుననే ఉండాలి, వ్యాపారి బీరువాలో కాదు, రైతు ఇంట్లోనే ఉండాలి. పాత వ్యాపారులు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉంచేవారు. చిట్టా అంటే ఏ రోజు లావాదేవీలు ఆ రోజే వరుసగా రాసేది, ఆవర్జా అంటే ఒక్కొక్కరి పేరున వేరుగా తెరిచిన ఖాతా. ఫోనులో వచ్చిన సొమ్ము ఫోనులోనే కనిపిస్తుంది గదా అని చిట్టా రాయడం మానేసిన దుకాణాల్లో, అది బియ్యం బాకీ తాలూకుదో, చేబదులు తీర్చిందో ఆరు నెలల తరువాత ఎవరికీ గుర్తుండదు. యంత్రం సొమ్ము కదలికను రాస్తుంది గాని, ఆ సొమ్ము దేని కోసం కదిలిందో రాయదు. ఆ రెండు మాటలు మనిషే రాయాలి, ఏ రాత్రి లెక్క ఆ రాత్రే రాయాలి.

కుటుంబంలో పత్రానికి చోటే లేదని అనుకునేవారు చదివింపుల పుస్తకాన్ని గుర్తుచేసుకోవాలి. పెళ్లి పందిట్లో ఒక మూల బల్ల వేసుకుని కూర్చున్న బంధువు, ఎవరు ఎంత చదివించారో ఊరి పేరుతో సహా నోటుబుక్కులో రాస్తాడు; ఆ పుస్తకాన్ని ఇంటి ఇల్లాలు ఏళ్ల తరబడి దాచి, వారి ఇంట శుభకార్యం వచ్చినప్పుడు తీసి చూసి, ఒక నూటపదహార్లు కలిపి తిరిగి చదివిస్తుంది. అది అప్పుల పద్దు కాదు, ఎవరి ఆదరాన్నీ మరిచిపోకుండా ఉండడానికి పెట్టుకున్న ఏర్పాటు. ఇటీవల కొన్ని పెళ్లిళ్లలో ఆ బల్ల మీద క్యూఆర్ కోడు అట్ట ఉంటోంది. సొమ్ము చేరుతుంది గాని, పక్కన కూర్చుని ఏ ఊరు బాబాయ్, పిల్లలు బాగున్నారా అని పలకరిస్తూ రాసే మనిషి ఉండడం లేదు. అట్ట ఉండడంలో తప్పు లేదు, ఆ మనిషిని కూడా కూర్చోబెట్టడం మానకూడదు. ఇంటి వాట్సాప్ గ్రూపు ఇంతకంటే నాజూకైనది. పిల్లలు హైదరాబాదులోనూ అమెరికాలోనూ, ముసలివారు పల్నాటిలోనూ ఉండే ఇళ్లలో ఆ గ్రూపే ఇప్పటి ఉమ్మడి వసారా; అమ్మమ్మ ఆరోగ్యం, పొలం కౌలు, తమ్ముడి ఫీజు అన్నీ అక్కడే చెప్పుకుంటారు. పూర్వం అన్నదమ్ములు పంపకాల దగ్గర నోరు జారితే, ఆ మాట ఆ రోజుతో గాలికి పోయేది, అత్తయ్యో మేనమామో కలిపేవారు. ఇప్పుడు అదే మాట రాతగా మిగిలి, అయిదేళ్ల తరువాత వేలితో పైకి జరిపి చూపించడానికి సిద్ధంగా ఉంటుంది. ఆస్తి, అప్పు, కోడలి పుట్టింటి ప్రస్తావన, జబ్బు ఖర్చు ఎవరు పెట్టుకోవాలనే చర్చ గ్రూపులో రాకూడదు. ఫోను చేసి మాట్లాడాలి, కుదిరితే వెళ్లి ఎదురుగా కూర్చోవాలి. నిర్ణయం జరిగాక మాత్రం ఎవరి వాటా ఎంతో నాలుగు ముక్కల్లో రాసి గ్రూపులో అందరికీ తెలపాలి. గొడవ నోటితో ముగియాలి, ఒప్పందం రాతలో మిగలాలి. జనం దీనికి సరిగ్గా తలకిందులుగా నడుస్తున్నారు.

ఊరి రాజకీయాల్లో ఈ పొరపాటు ప్రాణాల మీదికి తెస్తుంది. 2024 మే 13న పోలింగు నాడూ ఆ మరునాళ్లలోనూ మాచర్ల, నరసరావుపేట, గురజాల ప్రాంతాల్లో జరిగిన దాడులు, 144వ సెక్షను, జిల్లా ఎస్పీ సస్పెన్షనుకూ కలెక్టరు బదిలీకీ ఎన్నికల సంఘం ఇచ్చిన ఆదేశం దేశమంతటా వార్తలయ్యాయి. ఆ కక్షలు ఫోనుతో పుట్టినవి కావు, తరాల నాటివి. అయితే గెలిచిన పక్షపు కుర్రవాడు ఓడినవారి వీధి పేరు పెట్టి స్టేటస్‌లో వేసే వెక్కిరింత, ఆరిపోతున్న నిప్పును మళ్లీ రాజేస్తుంది. పిల్లలను ఎత్తుకుపోతున్నారన్న పుకార్లతో దేశంలో అమాయకులు హతమైన తరువాతే, 2018 జూలైలో వాట్సాప్ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి అయిదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. ఇలాంటి సందేశాల వల్ల కేసు పడిన యువకుడికి కలిగే నష్టం నాయకుడికి కలగదు. క్రిమినల్ కేసు కోర్టులో నడుస్తుంటే న్యాయస్థానం అనుమతి లేకుండా పాస్‌పోర్టు రావడం కష్టం, పోలీసు విచారణ అవసరమయ్యే ఉద్యోగం చిక్కులో పడుతుంది. తమ్ముళ్లకు, బావమరుదులకు ఈ సంగతి చెప్పే బాధ్యత చదువుకున్న ఆడపిల్ల తీసుకుంటే వాళ్లు వింటారు.

మోసాల గురించి క్లుప్తంగా చెప్పినా చాలు. సొమ్ము రావడానికి పిన్ను నొక్కనక్కరలేదు, పిన్ను అడిగారంటే సొమ్ము పోతోందని అర్థం. ఫోనులో, వీడియో కాల్‌లో అరెస్టు చేసే అధికారం ఏ పోలీసుకూ ఏ చట్టమూ ఇవ్వలేదు, డిజిటల్ అరెస్టు అన్న మాటే బూటకం. క్షణాల్లో అప్పిచ్చే దొంగ యాప్ ఫోనులోని పేర్ల పట్టికకు అనుమతి అడుగుతుంది. వాయిదా తప్పితే బంధువులందరికీ అవమానకరమైన సందేశాలు పంపడానికే అది. సాక్షి ప్రశ్నించే వ్యవధి లేకుండా చేసిన అప్పు ఇది. మోసపోయినవారు సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోను చేస్తే, సొమ్మును దారిలో ఆపే అవకాశం కొంతైనా ఉంటుంది.

ఇక, లెక్కల పుస్తకం చేతికి వచ్చిన వెంటనే మొదలుపెట్టదగిన పని ఒకటుంది. మిరప కోతలకు వచ్చే ఆడవారి కూలిని చాలాచోట్ల ముఠా మేస్త్రి ఫోనుకు ఒకే మొత్తంగా పంపుతారు. ఎండలో వంగి కాయ కోసిన మనిషికి తన పేరున ఎన్ని రోజులు పడ్డాయో, ఎంత వచ్చిందో చూపే కాగితం గాని, సందేశం గాని ఉండదు. ఈ సంవత్సరపు కోతల నుంచి ఒక్కొక్కరి పేరూ చిట్టాలో వేరుగా రాసి, రోజు లెక్క వారికి చదివి వినిపించి, కూలి ఎవరిది వారి చేతికో వారి ఖాతాకో నేరుగా చేర్చాలి. మేస్త్రి నొచ్చుకున్నా, పని కాస్త ఆలస్యమైనా, ఇందులో వెనక్కి తగ్గవద్దు.

ఆశీస్సులతో,
తాతయ్య